హర్బూజ్, అర్బూజ్, కర్బూజా

నాకు రష్యన్ వచ్చని చెబితే రెడ్‌మండ్‌లో మనవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత "ఏదీ, ఒక్క ముక్క మాట్లాడండి" అంటారు. మాట్లాడితే మళ్ళీ నవ్వుతారు. రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, నేత చీర కట్టుకున్న మనిషి నోట్లోంచి ఆ భాష వస్తుంటే వాళ్ళకి సర్కస్ చూసినట్టుంటుంది. కొత్తలో నాకూ అలాగే ఉండేది కాబట్టి ఎవరి మీదా కోపం లేదు.

నేను ఆస్పత్రిలో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరు ఇంగ్లీషులో అన్నది పేషెంటుకి రష్యన్‌లోనో ఉక్రేనియన్‌లోనో చెప్పాలి. పేషెంటు అన్నది డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పాలి. ఉద్యోగమంతా ఇంతే. ఈ మధ్య మన పిల్లలు కొందరు తెలుగు ఇంటర్‌ప్రెటర్లుగా చేరుతున్నారు. "రాజీ ఆంటీ, టిప్స్ ఏమన్నా చెప్పండి" అని ఫోన్లు చేస్తున్నారు. పరీక్షలూ సర్టిఫికెట్లూ ఎలాగూ ఆస్పత్రివాళ్ళే చెబుతారు, అవి నేను చెప్పను. నేను చెప్పబోయేది ఒకే ఒక్క మాట గురించి. అది ఉద్యోగమంతా నా వెంటపడింది. రిటైరయ్యాక కూడా వదలకుండా మా వీధిలో ఒక పెళ్ళి చెడగొట్టబోయింది.

ఫ్యాను కింద రష్యన్

ముందు ఈ భాష నాకెలా అంటుకుందో చెప్పాలి. హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం పూట ఏదో ఒక భాష నేర్చుకోవచ్చన్నారు. ఫ్రెంచి క్లాసు కిటకిటలాడుతోంది. జర్మన్ మాస్టారికి ముక్కు మీద కోపం. రష్యన్ క్లాసులో జనం లేరు, పైగా అక్కడ ఫ్యాను తిరుగుతోంది. మే నెల. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. గొప్ప కారణాలు చెప్పేవాళ్ళని నేను పెద్దగా నమ్మను కూడా.

పెళ్ళయి అమెరికా వచ్చాక, మా ఆయన ఆఫీసుకి వెళ్తే నేనూ కిటికీ ఒకరినొకరం చూసుకుంటూ ఉండేవాళ్ళం. ఒకరోజు కిరాణా కొట్టులో ఒక ముసలావిడ క్యాషియర్‌తో ఏదో చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నేను పక్కనుంచి రష్యన్‌లో "ఏం కావాలమ్మా?" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి ముందు శిలువ గుర్తు వేసుకుంది, తర్వాత నన్ను కావలించుకుంది. ఆవిడ కూతురు చెప్పగా తెలిసింది, ఆస్పత్రిలో ఇలాంటి మనుషులు కావాలట. అలా దొరికింది ఉద్యోగం.

గాలీనా

మా బాసు గాలీనా ఉక్రెయిన్‌లోని ఒదెస్సా మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేది. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "గదిలో అన్నదంతా చెప్పు. అననిది ఒక్క ముక్క కలపకు. పేషెంటు తిడితే తిట్టు కూడా చెప్పు."

ఇంకో సంగతి కూడా నేర్పింది. పేషెంటు "నాకు నొప్పిగా ఉంది" అంటే మనం "ఆయనకి నొప్పిగా ఉందట" అనకూడదు. "నాకు నొప్పిగా ఉంది" అనే చెప్పాలి. అంటే మన నోట్లో ఉన్న 'నేను' పేషెంటుది. మరి మనకే ఏదైనా అర్థంకాక అడగాల్సి వస్తే? అప్పుడు మనల్ని మనమే మూడో మనిషిలా చెప్పుకోవాలి: "ఇంటర్‌ప్రెటర్‌కి ఒక సందేహం ఉంది" అని. పిచ్చిగా ఉంటుంది, అలవాటవుతుంది. ఎంత అలవాటవుతుందంటే, ఇంట్లో మా ఆయన "కాఫీ తాగుతావా?" అంటే "ఇంటర్‌ప్రెటర్ తాగుతుంది" అనేదాన్ని. ఒకరోజు నేను అమ్మమ్మని, ఇంకోరోజు ట్రక్కు డ్రైవర్ని, మర్నాడు నిండు చూలాలిని. నా 'నేను' ఊరందరిదీ అయిపోయింది. నిజం చెప్పొద్దూ, భలే సరదాగా ఉండేది.

గాలీనా కఠినమైన బాసే. ఒకసారి డాక్టరు ముందే నన్ను గది బయటికి పంపించేసింది. ఆ పేషెంటు ఉక్రేనియన్ మాట్లాడుతున్నాడు, నేను రష్యన్‌తో నెట్టుకొస్తున్నాను. "రష్యన్ వస్తే ఉక్రేనియన్ వచ్చినట్టేనని ఎవరు చెప్పారు నీకు? కన్నడం మాట్లాడేవాడికి నీ తెలుగుతో సరిపెడతావా?" అంది. కన్నడం అని ఒక భాష ఉందని ఆవిడకెలా తెలుసో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు రోషం వచ్చింది. ఆ రోషంతోనే ఉక్రేనియన్ నేర్చుకున్నాను.

తాతగారూ, ఆయన తేనే

ఇక మన మాట దగ్గరికి వద్దాం. పేరూ ఊరూ చెప్పను, షుగరున్న ఒక తాతగారు. చలికాలం. డాక్టరమ్మ ఆయన్ని చూడగానే మొదలుపెట్టింది: "మళ్ళీ పుచ్చకాయ తింటున్నారా? రోజూ పుచ్చకాయ తినొద్దని అప్పుడే చెప్పాను కదా!" తాతగారు తెల్లమొహం వేశారు. అంతకుముందు ఫోన్‌లో ఎవరో ఇంటర్‌ప్రెటర్ సాయం చేశారట, తాతగారు రోజూ పుచ్చకాయ తింటారని అప్పుడే తేలిందట.

నేను అడిగితే తాతగారు "హర్బూజ్ తింటాను" అన్నారు. రష్యన్‌లో అర్బూజ్ అంటే పుచ్చకాయే. ఫోన్‌లో నేనున్నా పుచ్చకాయనే అనేదాన్ని. కానీ ఈసారి మనిషి ఎదురుగా ఉన్నాడు. చేతులతో పెద్ద కుండంత చూపించి, గంజిలో వేసి ఉడికిస్తానన్నట్టు గరిట తిప్పుతున్నాడు. పుచ్చకాయని ఉడికించే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. "ఇంటర్‌ప్రెటర్‌కి ఒక సందేహం ఉంది" అని చెయ్యెత్తాను. ఉక్రేనియన్‌లో హర్బూజ్ అంటే గుమ్మడికాయ! పాపం, తినని పుచ్చకాయలకి ఆయన తిట్లు తింటున్నాడు.

డాక్టరమ్మ నవ్వేసి, "సారీ అని చెప్పండి. ఆ గంజిలో ఇంకేమైనా కలుపుతారా?" అంది. మామూలుగానే అడిగింది. తాతగారు వెంటనే, "తేనె నేను వెయ్యను! మా ఆవిడే వేస్తుంది!" అన్నాడు. తేనె మాట ఎవరెత్తారు? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అనే సామెతకి అసలు గుమ్మడికాయతో సహా సాక్ష్యం దొరికిన ఏకైక మనిషిని నేనే అనుకుంటాను. నవ్వు ఆపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. తిట్లు మాత్రం ఆయనకి తప్పలేదు.

గాడిద దోసకాయ

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో గాలీనాకి ఇదంతా చెప్పాను. ఆవిడ ముందు పళ్ళ ముక్కల గిన్నె ఉంది. అందులో నారింజ రంగు ముక్కని నేను ఫోర్కుతో గుచ్చి, "దీన్ని మేం కర్బూజా అంటాం" అన్నాను. ఆవిడ నమలడం ఆపేసింది. గాలీనా నమలడం ఆపిందంటే మామూలు విషయం కాదు.

అప్పట్నుంచి ఇద్దరికీ అదే పిచ్చి. దొరికిన నిఘంటువల్లా తిరగేశాం. ఈ మాట పుట్టిల్లు పర్షియా. అక్కడ ఖర్బుజా. 'ఖర్' అంటే గాడిద, 'బుజా' అంటే దోసకాయ లాంటిది, కాబట్టి గాడిదంత దోసకాయ అని కొందరు పండితులు అంటారు. కాదనే పండితులూ ఉండే ఉంటారు, నాకు మాత్రం గాడిదే నచ్చింది. ఆ గాడిద దోసకాయ ఒక దారిన మన వైపు వచ్చి కర్బూజా అయింది. ఇంకో దారిన టర్కీ భాషలవాళ్ళ సంతల మీదుగా వెళ్ళి రష్యాలో అర్బూజ్ అయి పుచ్చకాయలో దూరింది. ఉక్రెయిన్‌లో హర్బూజ్ అయి గుమ్మడికాయలో దూరింది. మరి ఉక్రెయిన్‌లో పుచ్చకాయనేమంటారు? కవూన్. ఆ కవూన్ టర్కీలో ఏమిటి? మన కర్బూజా! పళ్ళన్నీ ఒకే బడిలో చదివి, ఇంటికెళ్ళేటప్పుడు ఒకరి చెప్పులు ఒకరు తొడుక్కుని పోయినట్టుంది. నేనూ గాలీనా క్యాంటీన్ బల్ల కొట్టుకుంటూ నవ్వాం. ఎవరో వచ్చి మెల్లగా మాట్లాడమన్నారు.

అప్పుడే గాలీనా ఇంకో సంగతి చెప్పింది. ఉక్రెయిన్ పల్లెల్లో పెళ్ళి అడగడానికి అబ్బాయి తరఫు పెద్దలు రొట్టె పట్టుకుని వస్తారు. పిల్ల తరఫువాళ్ళకి ఇష్టమైతే ఆ రొట్టె కోసి, వచ్చిన పెద్దల భుజాలకి అడ్డంగా కుట్టుపని చేసిన తువ్వాళ్ళు కడతారు. ఇష్టం లేకపోతే రొట్టె వాళ్ళది వాళ్ళకిచ్చి, చేతిలో ఒక గుమ్మడికాయ పెడతారు. నోటితో కాదనక్కర్లేదు. ఇప్పుడు చాలామందికి అది వేళాకోళమే, కానీ ముసలివాళ్ళ ముందు మాత్రం వేళాకోళం చెయ్యకూడదట.

"మా అమ్మ మా నాన్నకి ముందు గుమ్మడికాయే ఇచ్చింది" అంది గాలీనా.

"మరి?"

"ఆయన దాన్ని వండుకు తినేసి మళ్ళీ వచ్చాడు."

కార్తీకమాసంలో వేటగాడు

ఇది నేను రిటైరయ్యాక జరిగింది. మా వీధిలోనే ఉషా, ప్రసాదూ ఉంటారు. ఉషది తెనాలి. ప్రసాద్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తెలుగు సంఘంలో చెయ్యని పదవి లేదు. వాళ్ళమ్మాయి స్నిగ్ధ ఇక్కడే పుట్టింది, ఒక క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టు. అదే క్లినిక్‌లో పనిచేసే ఉక్రెయిన్ అబ్బాయిని ఇష్టపడింది. పేరు ఆంద్రీ. "మన ఆంధ్రా అబ్బాయే అనుకుందాం లెండి" అని ప్రసాద్ ఎప్పుడో ఒప్పేసుకున్నాడు.

చిక్కల్లా అబ్బాయి అమ్మమ్మతో. హన్నా అని, చిన్నప్పట్నుంచి అతన్ని పెంచింది ఆవిడే. యుద్ధంలో ఇల్లు పోయి, ఖెర్సోన్ దగ్గర తోట పోయి, మనవడి దగ్గరికి వచ్చింది. ఒక సాయంత్రం స్నిగ్ధ మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"ఆంటీ, ప్లీజ్, సండే మా ఇంటికి రా. అమ్మమ్మ నో అంటే ఆంద్రీ చేసుకోడు. తనకి ఇంకెవరూ లేరు కదా. హీ వోంట్ లీవ్ హర్. అండ్ ఐ లవ్ దట్ అబౌట్ హిమ్, అదే ప్రాబ్లెమ్."

"ఆంద్రీ ఉన్నాడుగా, అతనే చెప్పుకోడా?"

"తను వర్స్ట్ ట్రాన్స్‌లేటర్ ఆంటీ. ఎవరు ఏమన్నా, ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్ అంటాడు."

ఆ మాటతో నాకు పాత రక్తం పొంగింది. ఆదివారం తయారై వెళ్ళాను.

హన్నా వచ్చింది. చిన్న మనిషి, తలకి పూలరుమాలు, రెండు చేతుల మీద కుట్టుపూల తువ్వాలు, దాని మీద గుండ్రటి పెద్ద రొట్టె. నేను ఇంకా గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. ఈలోగా ఉష ఎదురెళ్ళి, "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ!" అంటూ రొట్టె అందుకుని లోపలికి తీసుకెళ్ళిపోయింది. కోసి తెస్తుందిలే అనుకున్నాను.

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. పులిహోర, గారెలు, దప్పళం. హన్నా గారె మధ్యలో చిల్లు ఎందుకని అడిగింది. ఉష చెప్పలేకపోయింది, నేను కల్పించలేదు. పెరట్లో సొరపాదూ గుమ్మడిపాదూ చూపిస్తే హన్నా వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. "మంచి మట్టి" అంది. ఉష మొహం వెలిగిపోయింది. కానీ హన్నా మాటిమాటికీ వంటింటి వైపు చూస్తోంది. రొట్టె రాలేదు.

చివరికి హన్నా లేచి నిలబడింది. గొంతు సవరించుకుని పాతకాలం పద్ధతిలో మొదలుపెట్టింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను: "మా దగ్గర ఒక వేటగాడున్నాడు. అతను ఒక లేడి అడుగుజాడ పట్టుకుని వస్తూ వస్తూ మీ గుమ్మం దాకా వచ్చాడు. ఆ లేడి మీ ఇంట్లోకే వచ్చింది."

ప్రసాద్ కంగారుగా, "అబ్బాయి హంటింగ్ చేస్తాడా?" అన్నాడు.

ఉషకి మాత్రం అర్థమైంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఉండండి, ఒక్క నిమిషం" అని పెరటివైపు పరిగెత్తింది. నిండు మనసుతో వచ్చిన ముసలావిడకి ఒట్టి చేతులతో జవాబెలా చెప్పాలని అనుకుందో ఏమో, పాదులో ఆ ఏడు కాసిన అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయని, ఎవరికీ ఇవ్వకుండా దాచినదాన్ని, పసుపు రాసి కుంకుమ పెట్టి, రెండు చేతులా మోసుకొచ్చింది. తెచ్చి హన్నా చేతుల్లో పెట్టి దండం పెట్టింది.

హన్నా ఆ కాయతోనే కుర్చీలో కూలబడిపోయింది. ఆంద్రీ మొహం పాలిపోయింది. స్నిగ్ధ అతన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. హన్నా గుమ్మడికాయ మీద చెయ్యి వేసి, చాలా మర్యాదగా, "మీ భోజనానికి కృతజ్ఞతలు. ఆంద్రీ, నా కోటు తీసుకురా" అంది.

నేను అదే చెప్పాను. ఉష తెల్లబోయింది. "అప్పుడేనా? పాయసం తాగందే!"

ఇక్కడ ఆగి, కొత్తగా చేరే మీకు చెబుతున్నాను. గదిలో అన్నదంతా చెప్పు, అననిది కలపకు అన్నది గాలీనా. మరి ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదే! అనువదించడానికి ఒక్క మాటైనా లేదు. ఒక తల్లి మనసారా అవును అంది, ఒక ముసలావిడ గుండెకి కాదని తగిలింది, మధ్యలో పసుపు రాసిన కాయ ఒకటి కూర్చుంది. రూల్ ప్రకారం నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆ పిల్ల బతుకు ఆ కోటుతో పాటు బయటికి వెళ్ళిపోతుంది. చెయ్యెత్తాను.

"ఇంటర్‌ప్రెటర్‌కి ఒక మాట చెప్పాలని ఉంది" అన్నాను. ముందు తెలుగులో, తర్వాత ఉక్రేనియన్‌లో.

ఉషకి గుమ్మడికాయ అర్థం చెప్పాను. ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో అయ్యో! అక్కా, నేనెందుకు వద్దంటాను! వెనక్కి లాక్కోనా?"

"లాక్కోకు! ఆ రొట్టె ఏం చేశావు?"

"గ్యారేజీలో పెట్టాను. కార్తీకమాసం కదా, అందులో గుడ్డుంటుందని... అడిగితే ఏమనుకుంటారోనని..."

అటు తిరిగి హన్నాకి మొత్తం చెప్పాను. మా ఇళ్ళల్లో గుమ్మడికాయ శుభమనీ, దాచుకున్న పెద్దకాయ ఇచ్చారంటే ఇంట్లోకి రమ్మన్నట్టేననీ, ఈ నెలంతా వీళ్ళు గుడ్డు ముట్టరనీ. హన్నా వింది. ఆవిడ మొహం మెల్లగా కదిలింది. "గుడ్డా? ఏ గుడ్డు?" అంది. "మాకూ ఉపవాసాలు మొదలయ్యాయి. ఆ రొట్టెలో గుడ్డు లేదు, వెన్న లేదు, పాలు లేవు. వీళ్ళు తింటారో తినరోనని రాత్రంతా నేనూ భయపడ్డాను!"

ఉష గ్యారేజీలోకి పరిగెత్తింది. ప్రసాద్ మేడ మీదికి పరిగెత్తాడు. తువ్వాళ్ళ సంగతి కూడా నేను చెప్పాను మరి. సన్మానాల్లో కప్పిన శాలువాలు ఆ ఇంట్లో ఒక అల్మరా నిండా ఉన్నాయి. ఒక చంకెడు తీసుకొచ్చి, జరీ అంచుది ఏరి హన్నా భుజాల మీద కప్పాడు. ఆంద్రీకి ఒకటి, స్నిగ్ధకి ఒకటి, ఆ ఊపులో నాకూ ఒకటి. హన్నా అంచు తడిమి చూసి, "ఇది మీరు అందరికీ కప్పుతారా?" అంది.

చెప్పాను. "అవునండీ!" అన్నాడు ప్రసాద్ గర్వంగా. ఉష మోచేత్తో పొడిచి, "కాదని చెప్పక్కా!" అంది.

గదిలో అన్నదంతా చెప్పాలి. అదీ చెప్పాను. హన్నా నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు, తర్వాత పొట్ట, తర్వాత ఒళ్ళోని గుమ్మడికాయ. స్నిగ్ధ ఏడుస్తోంది, ఆంద్రీ "ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్" అంటున్నాడు, మొదటిసారిగా అది నిజం. ఉష రొట్టె కోసింది. నిన్నటి అన్నంలా కాస్త గట్టిగా ఉంది. మెతుకు వదలకుండా తిన్నాం.

వెళ్ళేటప్పుడు గుమ్మడికాయ ఇక్కడే ఉంచేద్దామన్నాడు ఆంద్రీ. హన్నా ఒప్పుకోలేదు. "మంచి కాయ, గంజి కాస్తాను" అని కారు వెనక సీట్లో పెట్టించి, దానికి కూడా సీట్‌బెల్టు వేయించింది. గాలీనా వాళ్ళ నాన్న గుర్తొచ్చి నవ్వుకున్నాను. నేనూ శాలువాతోనే వీధిలో నిలబడ్డాను.

కారు కదలబోతుంటే అద్దం దింపి, హన్నా నన్ను పిలిచింది. మనవడివంకా స్నిగ్ధవంకా కాదు, నా కళ్ళల్లోకి చూస్తూ అడిగింది. "అందరి మాటా చెప్పావు. ఇంటర్‌ప్రెటర్ ఏమంటుంది? ఈ ఇంట్లో నా పిల్లాణ్ణి ఇవ్వొచ్చా?"

అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ఉషావాళ్ళకి ఆ ప్రశ్న తెలుగులో చెప్పేశాను. చెప్పాక తెలిసింది, అది నన్ను అడిగిన ప్రశ్న. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అందరూ నన్ను చూస్తున్నారు.

"నేనైతే ఇస్తానమ్మా" అన్నాను. "కళ్ళు మూసుకుని ఇస్తాను. బంగారంలాంటి మనుషులు."

హన్నా తలాడించి, నా చెయ్యి గట్టిగా నొక్కి, అద్దం ఎత్తేసింది. కారు మలుపు తిరిగాక గుర్తొచ్చింది, నేను చెప్పింది తెలుగులో.